టెక్ సందేహాలు: ఫోకస్ జాలీ మీద, చిలక మాత్రం మసక

ఈసారి వచ్చిన సందేహాల్లో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా నుంచే, అవీ పిట్టల గురించే. అక్కడ సెప్టెంబరు అంటే వసంతం మరి. అడిగినవాళ్ల పేర్లు తీసేసి, ప్రశ్నలు కుదించి ఇస్తున్నాను.

పిల్లలతో హీల్స్‌విల్ శాంక్చురీ అనే జూకి వెళ్లాం. ఫోన్‌తో చిలకల్ని తీస్తే ప్రతి ఫొటోలోనూ జాలీ స్పష్టంగా, పిట్ట మసగ్గా వచ్చింది. ఫోన్ మార్చాలంటారా? (టార్నీట్, మెల్‌బోర్న్)

ఫోన్‌కేం రోగం లేదండీ. దగ్గరగా ఉండి, కొట్టొచ్చినట్టు కనిపించేదాన్నే ఆటోఫోకస్ ముందు పట్టుకుంటుంది. ఎండకి మెరిసే జాలీ దొరికాక ఇక పిట్టతో దానికేం పని? అందుకే మొదట జాలీ మీద ఎండ పడని వైపు వెతుక్కోండి. ఒకే బోనుకి ఒక పక్క తీగలు తెల్లగా మెరుస్తుంటాయి, నీడ పక్కకి వెళ్తే అవే తీగలు కంటికి ఆనవు. నీడ దొరక్కపోతే ఇంట్లోవాళ్లని టోపీ అడ్డం పెట్టమనండి.

రెండోది, జాలీకి వీలైనంత దగ్గరగా వెళ్లడం. ఫోన్ లెన్స్ చాలా చిన్నది కాబట్టి జాలీ కన్నానికి సరిగ్గా ఎదురుగా పెడితే తీగ ఒక్కటి కూడా ఫొటోలో పడదు. రెయిలింగ్ దాటి మాత్రం చెయ్యి చాపకండి. గట్టి కాయల్నే కొరికి పగలగొట్టే కాకటూ చిలకకి మీ వేలు ఒక లెక్క కాదు.

మూడోది చాలామందికి తెలియని సంగతి. మీరు జూమ్ కోసం 3ఎక్స్, 5ఎక్స్ నొక్కినా ఫోన్ ప్రతిసారీ టెలిఫొటో లెన్స్, అంటే దూరపువాటిని దగ్గరగా చూపే లెన్స్, వాడదు. వెలుతురు తక్కువైనా, పిట్ట మరీ దగ్గరగా ఉన్నా మెయిన్ కెమెరా బొమ్మనే కత్తిరించి పెద్దది చేసి చూపిస్తుంది. అనుమానం వస్తే టెలిఫొటో లెన్స్ మీద వేలు పెట్టి చూడండి. తెర మీద బొమ్మ అలాగే ఉంటే మీరు వాడుతున్నది అది కాదన్నమాట. అప్పుడు జూమ్ తగ్గించి రెండడుగులు జరిగితేనే ఫొటో బాగొస్తుంది.

అద్దం వెనక పిట్టలైతే లెన్స్‌ని అద్దానికి ఆనించండి, ఫ్లాష్ ఆపేయండి, ముదురు రంగు చొక్కా వేసుకెళ్లండి. తెల్ల చొక్కా వేసుకుంటే పిట్టతో పాటు మీరూ ఫొటోలో ఉంటారు. అసలు ఈ గొడవేదీ వద్దనుకుంటే, మనమే లోపలికి నడిచి వెళ్లే పక్షిశాలలు ఉన్నాయి. మెల్‌బోర్న్ జూలో గ్రేట్ ఫ్లైట్ ఏవియరీ అలాంటిదే. అక్కడ మీకూ పిట్టకీ మధ్య అడ్డమేమీ ఉండదు.

హీల్స్‌విల్‌కి మళ్లీ వెళ్తే హెల్మెటెడ్ హనీఈటర్ని అడిగి చూడండి. విక్టోరియా రాష్ట్ర పక్షి అదే. నెత్తిన పసుపు పచ్చ కుచ్చు ఉంటుంది. అడవిలో చాలా కొద్దిగా మిగిలితే అక్కడ పొదిగించి పిల్లల్ని అడవిలోకి వదులుతున్నారు. అంత అరుదైనదాన్ని తీరా మసగ్గా తీసుకొస్తే మీకే బాధ.

అబ్బాయి దగ్గరికి వచ్చాను, రిటైర్డ్ టీచర్ని. డాండెనాంగ్ కొండల్లో షెర్‌బ్రూక్ అడవికి తీసుకెళ్లాడు. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఒకే చోట నిలబడితే వరసగా నాలుగు పిట్టల పేర్లు చూపించింది, అక్కడ కనిపించింది మాత్రం ఒక్కటే. యాప్ నమ్మదగిందేనా? కూత ఫోన్‌లో వినిపిస్తే పిట్ట దగ్గరికొస్తుందట, నిజమేనా? (మెల్‌బోర్న్)

టీచరుగారూ, ఆ ఒక్కటి నేల మీద ఆకులు గీరుతూ, గోధుమరంగులో, పొడుగు తోకతో ఉందా? అయితే అది లైర్‌బర్డ్. యాప్ తప్పేమీ లేదు, లైర్‌బర్డ్ మాయ అది. అడవిలో మిగతా పిట్టల కూతలన్నీ వరసపెట్టి వినిపించడం దాని విద్య. కొరడా ఝళిపించినట్టు కూసే విప్‌బర్డ్‌ని, కూకబర్రా నవ్వుని, చిలకల అరుపుల్ని ఊపిరాడకుండా ఒకదాని తర్వాత ఒకటి దించేస్తుంది. మనుషుల మధ్య పెరిగినవి కెమెరా షటర్ చప్పుడునీ కారు అలారాన్నీ అనుకరించిన రికార్డింగులున్నాయి.

మెర్లిన్‌ని తయారుచేసింది అమెరికాలోని కోర్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ, యాప్ ఉచితం. అది కూతని స్పెక్ట్రోగ్రామ్‌గా, అంటే శబ్దానికి గీసిన బొమ్మగా మార్చి, ఆ బొమ్మని తన దగ్గరున్నవాటితో పోల్చుతుంది. విప్‌బర్డ్ కూతా, దాన్ని లైర్‌బర్డ్ అచ్చు దించిన కూతా బొమ్మలో ఒకేలా ఉంటే పాపం అదేం చేస్తుంది? కాబట్టి యాప్ చెప్పిన పేరుని కేవలం ఆచూకీగా తీసుకోండి. కంటితో చూశాకే ఈబర్డ్ (ఎవరు ఏ పిట్టని ఎక్కడ చూశారో నమోదుచేసే సైటు) జాబితాలో ఎక్కించండి. అక్కడ అరుదైన పేరు పెడితే వాలంటీర్లు ఆధారం అడుగుతారు. యాప్ చెప్పిందంటే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

బయల్దేరే ముందు ఇంట్లో వైఫై ఉండగానే ఆస్ట్రేలియా బర్డ్ ప్యాక్ దించుకోండి, కొండల్లో సిగ్నల్ నమ్ముకోలేం. లొకేషన్, తేదీ సరిగ్గా ఉంటే ఆ చోట ఆ నెలలో ఉండే అవకాశమున్న పేర్లే ముందుకొస్తాయి. అన్నట్టు, కూకబర్రా మన లకుముకిపిట్టల కుటుంబమే. ఆ కుటుంబంలో అన్నిటికన్నా బరువైనది.

రెండో ప్రశ్నకి: వస్తుంది. తన హద్దులోకి ఇంకో మగపిట్ట చొరబడిందనుకుని, గూడు వదిలేసి కొట్లాటకి వస్తుంది. గూళ్లు కట్టే రోజుల్లో ఆ పని చెయ్యకండి. ఇంటికొచ్చి స్పీకర్లో వినుకోండి, ఎవరికీ ఇబ్బంది లేదు.

నాన్నగారు హైదరాబాద్ నుంచి వస్తున్నారు, ఆయనకి 68. తిరిగి వెళ్లేటప్పుడు పిట్టల ఫొటోలకి మంచి కెమెరా కొనిద్దామని ఉంది. 125 రెట్ల జూమ్ ఉన్న నికాన్ పీ1000 చూశాను. (సిడ్నీ)

24 నుంచి 3000 మిల్లీమీటర్ల జూమ్ అంటే ఎవరికైనా నోరూరుతుంది. కానీ దాని బరువు దాదాపు కిలోన్నర. సెన్సర్, అంటే వెలుతురుని పట్టి బొమ్మగా మార్చే చిప్, చూస్తే ఫోన్లలో ఉండేంత చిన్నది. ఎండలో, దూరంగా కదలకుండా కూర్చున్న పిట్టకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. చెట్ల నీడలోకి వెళ్లగానే ఫొటో నిండా ఇసక చల్లినట్టు చుక్కలు. పైగా మధ్యాహ్నం పూట బురద నేల మీదుగా అంత దూరం జూమ్ చేస్తే వేడిగాలి అలల్లా కదిలి, రెక్కల అంచులు నీళ్లలో చూసినట్టుంటాయి. దానికి ఏ ధర లెన్సూ మందు కాదు, పొద్దున్నే వెళ్లడం ఒక్కటే మార్గం.

నన్నడిగితే పిట్ట కంటిని గుర్తుపట్టే ఆటోఫోకస్ ఉన్న ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్ (ఫోన్ కన్నా చాలా పెద్ద సెన్సర్‌తో, లెన్స్ మార్చుకోగల కెమెరా), దానికి తేలికైన 100–400 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్. కానన్ ఆర్ఎఫ్ 100–400 లెన్స్ బరువు 635 గ్రాములే. మెడలో వేసుకుని పార్కంతా తిరిగొచ్చినా ఆయనకి మెడనొప్పి రాదు. కూర్చున్న పిట్టకి షటర్ వేగం 1/250 సెకను, ఎగిరేదానికి 1/1600 పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగ్) ఆటోలో వదిలేయమనండి. ఎండలో తెల్ల కాకటూని తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించాలి. లేకపోతే ఈకలన్నీ కలిసి సున్నం పూసిన గోడలా వస్తాయి.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. టూరిస్ట్ రిఫండ్ స్కీమ్ కింద, ఒకే వ్యాపారి దగ్గర 300 డాలర్లు, ఆపైన పెట్టి కొన్న వస్తువుని 60 రోజుల్లోపు దేశం దాటిస్తే జీఎస్టీ తిరిగిస్తారు. బిల్లులో పదకొండో వంతు. కాకపోతే వస్తువు తీసుకెళ్లే మనిషే డబ్బు కట్టి ఉండాలి, బిల్లు 1000 డాలర్లు, ఆపైన అయితే దాని మీద ఆయన పేరుండాలి. మీ కార్డు గీకి నాన్నగారికి ఇస్తే ఎయిర్‌పోర్టులో చిక్కు. ఆయన కార్డుతోనే కట్టించి, ఆ డబ్బు మీరు తర్వాత ఇచ్చుకోండి.

ఫిలిప్ ఐలాండ్ పెంగ్విన్ పరేడ్‌కి ఏ ఫోన్ నైట్ మోడ్ బాగుంటుంది? (పాయింట్ కుక్)

ఏదీ వద్దు, ఫోన్ జేబులోనే ఉండాలి. అక్కడ పెంగ్విన్ల ఫొటోలు, వీడియోలు నిషేధం, ఫ్లాష్ లేకపోయినా సరే. చీకటికి అలవాటుపడ్డ కళ్లతో, కిలో బరువున్న ఆ చిన్న ప్రాణులు ఇసుక దాటుతుంటే వెయ్యి ఫోన్ల వెలుగు వాటికెందుకు? బైనాక్యులర్స్ తీసుకెళ్లండి, అదీ 8×42 (ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు). జేబులో పట్టే 8×25 అయితే కంటికి చేరే కాంతివలయం 3 మిల్లీమీటర్లే, 42లో అది 5 దాటుతుంది. సంధ్య వేళ ఆ తేడా బాగా తెలుస్తుంది.

చిలక గూడు ఫొటో వాట్సాప్ గ్రూపులో పెడితే ఒక పెద్దాయన లొకేషన్ తీసెయ్యమని కోప్పడ్డారు. ఫొటోలో లొకేషన్ ఎక్కడుంటుంది? (అడిలైడ్)

ఫొటో ఫైలు లోపల, ఎగ్జిఫ్ అనే సమాచారంలో. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే అది పోతుంది. క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే అక్షాంశ రేఖాంశాలతో సహా వెళ్తుంది. మీరు చేసింది బహుశా రెండోదే. ఐఫోన్‌లో షేర్ నొక్కాక పైన ఆప్షన్స్‌లో లొకేషన్ ఆపేయొచ్చు. అంతకన్నా మేలు, పిట్టల కోసం తిరిగే రోజుల్లో కెమెరా సెట్టింగ్స్‌లోనే ఆపేసుకోండి.

పెద్దాయన కోపంలో న్యాయం ఉంది. ఇక ఉందో లేదో అనుకున్న నైట్ పారట్‌ని 2013లో పశ్చిమ క్వీన్స్‌ల్యాండ్‌లో ఫొటో తీసినప్పుడు, ఆ చోటెక్కడో బయటపెట్టలేదు. ఈబర్డ్ కూడా ఇలాంటి పిట్టల కచ్చితమైన చోటు చూపించదు. గూడు ఎక్కడో నలుగురికీ తెలిస్తే చూడ్డానికి వచ్చేవాళ్లే దాన్ని చెదరగొడతారు, గుడ్లు ఎత్తుకెళ్లేవాళ్ల సంగతి సరేసరి.

ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తుంటే మ్యాగ్‌పై అనే నలుపు తెలుపు పిట్ట తల మీద తన్నుతోంది. యాక్షన్ కెమెరాతో వీడియో తీయాలని ఉంది, హెల్మెట్‌కి ఎక్కడ బిగించాలి? (క్యాన్‌బెర్రా)

వెనక్కి తిరిగేలా. మ్యాగ్‌పై ఎక్కువగా వెనకనుంచే వస్తుంది, ముందుకు బిగిస్తే మీ అరుపు తప్ప ఏమీ రికార్డవదు. వీడియో కోసం పనిగట్టుకుని రెచ్చగొట్టకండి, గూట్లో పిల్లలున్నన్నాళ్లే ఈ రభస. ఒక్క రోజు తీసుకుని, మర్నాటి నుంచి ఎక్కడెక్కడ తన్నాయో జనం గుర్తుపెట్టే మ్యాగ్‌పై అలర్ట్ సైటులో గుర్తులు లేని దారి చూసుకోండి. అది మనుషుల మొహాలు గుర్తుపెట్టుకుంటుంది, మీది ఈపాటికే పెట్టుకుని ఉంటుంది.