విస్కీ సోర్ ఇంట్లో చేస్తే చేదెందుకొస్తోంది?

మీరడిగింది విస్కీలో నిమ్మరసం, పంచదార కలిపితే ఒక్కోసారి చేదొస్తోంది, ఒక్కోసారి పళ్ళు పులిసిపోతున్నాయి, బార్‌లో తాగినట్టు రావట్లేదు అని కదండీ. మా ఇంట్లో నలుగురు చేరితే ఈ డ్యూటీ నాదే, అందుకే చెప్తున్నా, బ్రాండ్ మార్చక్కర్లేదు, ముందు నిమ్మకాయ సంగతి చూడండి.

చేదంతా గింజలు, తొక్క కింద తెల్లటి పొర వల్లే. మనకి పులిహోరలోకి పిండినట్టు ఆఖరి చుక్క దాకా నలిపేయడం అలవాటు, ఇక్కడ అలా కుదరదు. కాయని గట్టు మీద అరచేత్తో కాసేపు దొర్లించి అడ్డంగా కోసి, గింజలు తీసేసి, మెల్లగా ఒక్కసారి పిండి వదిలేయండి, టీ వడకట్టే జల్లెడలో వడకట్టండి. పొద్దున పిండి ఫ్రిజ్‌లో పెట్టిన రసం వద్దు. బత్తాయి రసం కలుపుదాం అనుకుంటే ఇంకా జాగ్రత్త, అది తీసి ఉంచేకొద్దీ లిమోనిన్ అనేది తయారై చేదెక్కుతుంది, పార్సిల్ తెచ్చిన బత్తాయి జ్యూస్ ఇంటికొచ్చేసరికి అదోలా ఉండేది అందుకే.

ఇక కొలత. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం లెక్క 45 ఎంఎల్ బర్బన్ (అమెరికా విస్కీ), 25 లెమన్ రసం, 20 షుగర్ సిరప్. వాళ్ళ పసుపు లెమన్ వేరు, మన గుండ్రటి నిమ్మకాయ ఘాటు వేరు, పైగా బర్బన్‌కి కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో పెడతారు కాబట్టి దానికదే కాస్త తియ్యటి వాసన ఉంటుంది, మన మామూలు విస్కీకి అదుండదు. అందుకని నేనైతే లార్జ్‌కి, అంటే 60కి, నిమ్మరసం 20, సిరప్ 20, చిటికెడు ఉప్పు. కొలిచే గ్లాసు లేకపోతే దగ్గు మందు మూత కడిగి వాడండి, దాని మీద 5, 10 గీతలుంటాయి, కళ్ళతో అంచనా వేస్తే మాత్రం రోజుకో రుచొస్తుంది.

పంచదార నేరుగా వేయకండి, చల్లటి మందులో సరిగ్గా కరగదు, మొదటి గుక్క పులుపు చివరి గుక్క పానకం. గ్లాసు పంచదారకి గ్లాసు నీళ్ళు పోసి కరిగేదాకా వేడి చేస్తే చాలు, తీగపాకం దాకా వెళ్ళొద్దు.

షేకర్ కోసం డబ్బులు తగలేయకండి, మూత గట్టిగా పట్టే స్టీల్ డబ్బా ఉంటే సరిపోతుంది. నిండా ఐస్ వేసి డబ్బా బయట మంచు పట్టి చెయ్యి జివ్వుమనేదాకా ఊపండి, ఓ పదిహేను సెకన్లు. ఆ కరిగే నీళ్ళు కూడా డ్రింక్‌లో లెక్కే, అందుకే సోడా, స్ప్రైట్ వగైరా అక్కర్లేదు (స్ప్రైట్ పోస్తే అది వేరే డ్రింక్ అండీ, మంచిదే కానీ ఇది కాదు).

పైన నురగ కావాలంటే తెల్లసొన వేసి ముందు ఐస్ లేకుండా ఊపాలి, మూత వేలితో అదిమి పట్టుకోండి, లేకపోతే తన్నుకొచ్చి చొక్కా మీద పడుతుంది. పచ్చి గుడ్డుతో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఉంది, నీచు వాసన సరేసరి, నాకైతే కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీళ్ళు రెండు స్పూన్లు బెటర్, ఉప్పు వేయకుండా ఉడికించినవి.

ఎక్కువమంది వస్తే విస్కీ, సిరప్ ముందే సీసాలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టేసుకోవచ్చు, నిమ్మకాయలు మాత్రం వాళ్ళొచ్చాకే కొయ్యండి.