పాయింట్లతో ఫైవ్ స్టార్ హోటల్: చెన్నైలో అమ్మానాయనలను ఉంచిన అనుభవం

మీరు అడిగింది ఇదీ: అమ్మానాన్నల నలభయ్యో పెళ్లిరోజుకి వాళ్లని చెన్నైలో ఒక పెద్ద హోటల్లో రెండు రాత్రులు ఉంచాలి, చేతిలో మారియట్ పాయింట్లు (ఆ కంపెనీ హోటళ్లలో ఉన్నప్పుడు మన ఖాతాలో పడేవి) ఉన్నాయి, అది నిజంగా ఉచితమేనా, పాయింట్లతో వచ్చారని తక్కువగా చూస్తారా అని. గదీ, గది మీద పన్నూ ఉచితమే. తిండి కాదు. తక్కువగా ఎవరూ చూడరు. కానీ మీరు అడగని సంగతి ఇంకొకటుంది, వాళ్లతో పాటు మీరు కూడా వెళ్తున్నారా లేదా అన్నది. నేను దెబ్బతిన్నది అక్కడే, అందుకని ముందు అదే చెప్తాను.

మాది నెల్లూరు. నేను తొమ్మిదేళ్లుగా చెన్నైలో, వేళచ్చేరిలో ఉంటున్నాను. ఆఫీసు పని మీద నెలకోసారి పుణెకో గుర్‌గావ్‌కో వెళ్లక తప్పదు, కంపెనీ ఇచ్చే హోటళ్లు ఎక్కువగా మారియట్ వాళ్ల కోర్ట్‌యార్డ్, ఫెయిర్‌ఫీల్డ్ లాంటివి. బిల్లు కంపెనీ కడుతుంది, పాయింట్లు మాత్రం అక్కడ ఉన్న మనిషి ఖాతాలో పడతాయి. ఆ బ్రాండ్లలో ఒక డాలరు ఖర్చుకి 10 పాయింట్లు. ఈ విషయం తెలియక మొదటి రెండేళ్లు నెంబరే ఇవ్వలేదు, తర్వాత ట్రావెల్ డెస్క్‌కి నా మెంబర్‌షిప్ నెంబర్ ఇచ్చి ప్రతి బుకింగ్‌లో పెట్టించాను. మామూలు ట్రావెల్ సైట్లలో బుక్ చేసుకుంటే సాధారణంగా పాయింట్లు రావు, సొంత ఖర్చుతో వెళ్లేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

రెండేళ్ల క్రితం నాయనకి శుక్లాల పరీక్ష కోసం చెన్నై రావాల్సి వచ్చింది. సరిగ్గా ఆ వారం నేను పుణెలో ఉన్నాను. మా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఆసుపత్రికి దగ్గర్లో ఒక పెద్ద హోటల్లో పాయింట్లతో గది తీసుకుని, బుకింగ్‌లో ప్రత్యేక కోరికలు రాసే చోట నాయన పేరు రాశాను. రెండు రోజుల ముందు హోటల్‌కి ఫోన్ కూడా చేశాను, "పర్లేదు మేడమ్, పంపించండి" అన్నారు. తీరా వాళ్లు వెళ్తే రిసెప్షన్లో బుకింగ్ మీ అమ్మాయి పేరు మీద ఉంది, ఆమె రావాలి అన్నారు. గంటన్నర. నేను మీటింగ్ వదిలేసి అక్కడి నుంచి ఒకరి తర్వాత ఒకరితో మాట్లాడుతూనే ఉన్నాను, నా గుర్తింపు కార్డు మెయిల్ చెయ్యమన్నారు, చేశాను, మేనేజర్ భోజనానికి వెళ్లాడన్నారు, చివరికి ఎలాగో గది ఇచ్చారు. ఆ గంటన్నరా నాయన లాబీలో సోఫా అంచు మీద, రిపోర్టులున్న గుడ్డ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. ఎవరో ట్రేలో నీళ్లు తెచ్చి ఇస్తే బిల్లు వేస్తారేమోనని వద్దన్నాడట. ఇదంతా నాకు నెల తర్వాత అమ్మ చెప్పింది, ఆయన ఒక్క మాట అనలేదు. ఆర్టీసీలో ముప్పయ్యేళ్లు చేసిన మనిషి, ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా నన్ను చదివించిన మనిషి, నా తొందరపాటు వల్ల అలా కూర్చోవాల్సి వచ్చింది. ఇప్పటికీ తలచుకుంటే కడుపులో దేవినట్టు అవుతుంది.

అందుకే చెప్తున్నాను, మీరు లేకుండా వాళ్లు వెళ్తుంటే యాప్‌లో పేరు రాసి ఊరుకోకండి. మారియట్ మెంబర్ సర్వీస్‌కి ఫోన్ చేసి, ఇది నా పాయింట్లతో వేరేవాళ్ల కోసం తీసుకున్న గది, ఉండేది వీళ్లు అని చెప్పి, వాళ్ల పేర్లు ఆధార్‌లో ఉన్న స్పెల్లింగ్‌తోనే చేర్పించండి. ఆ పేర్లతో కొత్త కన్ఫర్మేషన్ మెయిల్ వచ్చేదాకా వదలకండి, వచ్చాక దాన్ని ప్రింట్ తీసి వాళ్ల చేతికివ్వండి. తర్వాత హోటల్‌కి విడిగా ఫోన్ చేసి డిపాజిట్ సంగతి అడగండి. గది ఉచితమే అయినా, చెక్-ఇన్ అప్పుడు తిండీ తదితర ఖర్చుల కింద కార్డు మీద కొంత సొమ్ము ఆపి ఉంచడం పెద్ద హోటళ్లలో మామూలే. ఆ కార్డు మీదైతే ముందే ఏం సంతకం పెట్టి పంపాలో కనుక్కోండి. వీలైతే క్రెడిట్ కార్డే వాడండి. డెబిట్ కార్డు ఇస్తే ఆ సొమ్ము ఖాతాలోంచి నిజంగానే పోయి, తిరిగి రావడానికి రోజులు పడుతుంది, నెలాఖర్లో అయితే ఇబ్బంది.

ఇక లెక్క. మారియట్‌లో ఇప్పుడు పాయింట్ల రేటు స్థిరంగా ఉండదు, రోజుని బట్టి మారుతుంది. నేను పోయినేడు గిండీలో ఐటీసీ గ్రాండ్ చోళ చూసినప్పుడు (అది ఐటీసీ వాళ్లదే, కానీ మారియట్ లగ్జరీ కలెక్షన్‌లో కూడా ఉంది కాబట్టి ఈ పాయింట్లు చెల్లుతాయి) డబ్బు కట్టి తీసుకుంటే రాత్రికి ₹15,000. గది అద్దె ₹7,500 దాటితే జీఎస్టీ 18 శాతం, అంటే మొత్తం ₹17,700. అదే గది పాయింట్లతో 23,000. భాగిస్తే పాయింటుకి 77 పైసలు దాకా వచ్చింది. నా మటుకు నాకు 60 పైసలు దాటితే పాయింట్లు వాడతాను, 50 కంటే తగ్గితే డబ్బే కడతాను లేదా ఇంకో రోజు చూస్తాను. పన్ను కలపకుండా లెక్క వేస్తే తప్పు వస్తుంది, చాలామంది అక్కడే పొరపాటు పడతారు. గిండీ చుట్టుపక్కల హోటళ్లకి సోమవారం నుంచి గురువారం దాకా కంపెనీల వాళ్లు వస్తారు, శని ఆదివారాలకి తరచు రేటు తగ్గుతుంది. పెళ్లి ముహూర్తాలున్న రోజుల్లో మాత్రం తగ్గదు.

మీ పాయింట్లు ఇంకా మారియట్‌లోకి మార్చకుండా బ్యాంకు క్రెడిట్ కార్డులోనే ఉంటే ఒక మాట. బెంగళూరులో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఇలాగే గది చూసుకుని, బ్యాంకు నుంచి పాయింట్లు మార్చమని పెట్టాడు. అవి వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది, ఈలోగా ఆ గది రేటు తొమ్మిది వేల పాయింట్లు పెరిగింది, మార్చినవి వెనక్కి తీసుకునే వీలు లేదు. మా అన్న ఆ పాయింట్లని ఇంకా అలాగే పెట్టుకుని ఉన్నాడు. ఖాతాలో 24 నెలలు ఏ కదలికా లేకపోతే అవి పోతాయని నేనే గుర్తు చేయాల్సి వచ్చింది. హెచ్‌డీఎఫ్‌సీ వాళ్ల మారియట్ కార్డు ఉంటే 15,000 పాయింట్ల లోపు గదికి పనికొచ్చే ఒక ఉచిత రాత్రి వస్తుంది, దానికి మన సొంత పాయింట్లు కొన్ని కలిపి కాస్త ఖరీదైన గది కూడా తీసుకోవచ్చు. దానికీ గడువు ఉంటుంది. తాజ్ హోటళ్ల లెక్క పూర్తిగా వేరు, అక్కడ పాయింట్లని న్యూకాయిన్లంటారు, ఒకటికి ఒక రూపాయి, బిల్లులోంచి తీసేయడమే, ఈ భాగహారాలు అక్కర్లేదు.

ఈసారి నేను ఊళ్లో ఉన్నప్పుడే ఆ గ్రాండ్ చోళలో గది పెట్టుకున్నాను. శనివారం అమ్మా నాయనా పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వచ్చారు, సెంట్రల్లో దిగి మెట్రో బ్లూ లైను ఎక్కితే అదే గిండీ దాకా తీసుకొస్తుంది, మారక్కర్లేదు. పేర్లు ముందే చేర్పించి, ప్రింట్ తీసుకుని, వాళ్లతో పాటు రిసెప్షన్‌కి వెళ్లాను. డ్యూటీలో ఉన్న అమ్మాయి ప్రింట్ చూసి, "కూర్చోండి అంకుల్, కాయితాలు మీ దగ్గరికే తెస్తాను" అని తెలుగులో అనేసరికి నాయన ముఖం చూడాలి. పాయింట్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తరు కూడా, పాయింట్లతో ఇచ్చిన గదికీ మారియట్ హోటల్‌కి డబ్బు కడుతుంది, వాళ్ల దృష్టిలో మీరూ అతిథే.

ఆ హోటల్ 2012లో తెరిచారు, ఆరు వందల గదులు, లోపలంతా చోళుల గుళ్ల పద్ధతిలో కట్టారు. లాబీలో స్తంభాల మీద చెక్కడాలుంటాయి. నాయన సామాను పక్కన పెట్టి ఒక స్తంభం దగ్గర ఆగి, చెక్కిన గీతల వెంట చూపుడు వేలు పోనిస్తూ, "తంజావూరు గుడిలో ఇట్టాగే ఉండాదమ్మే, టూరు బస్సులో పొయ్యినప్పుడు చూశా" అన్నాడు. కాసేపాగి, "మన నెల్లూరు మనుమసిద్ధి కూడా చోళులే కదా" అని అమ్మకి చెప్పడం మొదలుపెట్టాడు. శుక్లాలు తీసేసిన కళ్లతో ఆయన ఒక్కొక్క స్తంభం దగ్గర ఆగి చూస్తుంటే, బ్యాగులు మోసే అబ్బాయి కూడా తొందరపెట్టకుండా నిలబడ్డాడు.

గదిలో ఇద్దరికే లెక్క. మూడో మనిషికి అదనపు మంచం కావాలంటే చాలాచోట్ల విడిగా డబ్బు పడుతుంది, నేను రాత్రికి ఇంటికి వెళ్లిపోయి పొద్దున్నే వచ్చాను, పావుగంట దూరమే. వచ్చేసరికి అమ్మ టీ తాగిన రెండు కప్పులూ కడిగి, తుడిచి, ట్రేలో బోర్లించి పెట్టింది. వద్దమ్మా వాళ్లు చేస్తారు అంటే, "ఎంగిలి కప్పు పరాయోళ్లతో ఎట్టా కడిగిస్తామే" అంది. గది శుభ్రం చేయడానికి వచ్చిన పెద్దావిడ ఆ కప్పులు చూసి అమ్మ వైపు చూసింది, ఇద్దరూ సగం తమిళం సగం తెలుగుతో కూతుళ్ల గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నారు, అమ్మ తెచ్చిన డబ్బాలోంచి నాలుగు కజ్జికాయలు కాగితంలో చుట్టి ఇచ్చింది.

తిండి దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండండి. పాయింట్ల గదికి టిఫిన్ కలిసి రాదు. మారియట్ సభ్యత్వంలో ప్లాటినం స్థాయి ఉన్నవాళ్లకి చాలా హోటళ్లలో ఇస్తారు, దానికి ఏడాదికి 50 రాత్రులు ఉండాలి, నాది గోల్డ్, 25 రాత్రులది, అందులో టిఫిన్ లేదు. గది రేట్లు ₹7,500 దాటే ఇలాంటి హోటళ్లలో తిండి మీద కూడా జీఎస్టీ 18 శాతం, బయట మామూలు హోటల్లో 5 శాతమే. ఇద్దరికి రెండు రోజులు మూడు పూటలా లోపలే తింటే, పాయింట్లతో మిగిలిన డబ్బులో పెద్ద భాగం అక్కడే పోతుంది. మేము ఒక్క ఆదివారం పొద్దున బఫేకి మాత్రం డబ్బు కట్టి కూర్చున్నాం, మిగతా పూటలు బయట. ఆ ఒక్క పూటా తప్పకుండా పెట్టుకోండి, పెద్దవాళ్లకి అది గుర్తుండిపోతుంది. నాయన ఇడ్లీ, పెసరట్టు తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు, కానీ అన్ని కౌంటర్ల దగ్గరికీ వెళ్లి ఏది ఎట్టా చేస్తారో వంటవాళ్లని అడిగి తెలుసుకుని వచ్చాడు. గదిలో కెటిల్, టీ పొడి సంచులు, పక్కన పెట్టిన నీళ్ల సీసాలు ఉచితం, ఫ్రిజ్‌లో ఉన్నవాటికి మాత్రం బిల్లు వేస్తారు. ఈ తేడా వాళ్లకి మొదటి రోజే చూపించండి. లేకపోతే దాహమైనా నీళ్లు ముట్టుకోరు.

గోల్డ్ వాళ్లకి గది ఖాళీ ఉంటే మధ్యాహ్నం 2 గంటల దాకా ఉండనిస్తారు. అడిగితే ఇచ్చారు, సాయంత్రం రైలుకి అది బాగా కలిసొచ్చింది. బిల్లులో గది అద్దె దగ్గర సున్నా, ఒక్క టిఫిన్ ఖర్చు. నాయన ఆ కాయితం రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి కళ్లజోడు పెట్టెలో దాచుకున్నాడు.

మీ వాళ్ల పెళ్లిరోజు వారం మధ్యలో పడితే దాని ముందో వెనకో వచ్చే శని ఆదివారాలు కూడా చూడండి, రెండు రాత్రులకి పాయింట్లలో తేడా తెలుస్తుంది. పాయింట్ల బుకింగ్ సాధారణంగా గడువులోపు రద్దు చేస్తే పాయింట్లు పూర్తిగా వెనక్కి వస్తాయి, కాబట్టి దొరికిన రోజుకి ఇప్పుడే పెట్టేసి, తగ్గితే మార్చుకోండి. ఫోన్ చేసినప్పుడు నలభయ్యో పెళ్లిరోజని కూడా చెప్పండి. అమ్మగారికి మోకాళ్ల ఇబ్బంది ఉంటే లిఫ్ట్‌కి దగ్గర గది అప్పుడే అడగండి, అక్కడికి వెళ్లాక అడిగితే ఆ అంతస్తులో గదులు అయిపోయి ఉండొచ్చు.