ఆక్సీమీటర్‌ని బీరువాలో పెట్టి తాళం వేశాక

"మళ్ళీ కరోనా లాంటిదేదైనా వస్తే ఈ భయం, ఆందోళన నుంచి మనసును ఎలా కాపాడుకోవాలి?" అని అడిగారు. ధ్యానం చెయ్యండి, పాటలు వినండి, ధైర్యంగా ఉండండి అని ఎవరైనా చెబుతారు. నాకు మాత్రం 2021 మే నెలలో "ధైర్యంగా ఉండు" అన్న ప్రతివాడి మీదా ఒళ్ళు మండింది. ఆ మాట అనేసి ఫోన్ పెట్టేస్తే వాళ్ళ పని అయిపోయేది. నా చేతులు మాత్రం వణుకుతూనే ఉండేవి.

మాది తెనాలి. చిన్న జిరాక్స్ షాపు. ఆ రోజుల్లో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ కాబట్టి పొద్దున్నే తీసి పన్నెండింటికల్లా షట్టర్ దించేసేవాణ్ణి. వచ్చేవాళ్ళలో సగం మంది ఎవరినో ఆసుపత్రిలో చేర్చడానికి ఆధార్ కాపీల కోసం వచ్చినవాళ్ళే. నిన్న కాపీ తీయించుకున్న మనిషి ఇవాళ మళ్ళీ వస్తే "ఎలా ఉన్నారండీ?" అని అడగాలంటే భయం. అలాంటప్పుడు మా నాన్నకి పాజిటివ్ వచ్చింది. అప్పటికి ఆయనకి 67 ఏళ్ళు, షుగర్ కూడా ఉంది. మేడ మీద గదిలో ఉంచాం. ఏఎన్ఎం గారొచ్చి మందుల కిట్ గుమ్మంలో పెట్టి వెళ్ళారు.

ఊళ్ళో మందుల షాపులన్నీ తిరిగి 2,600 పోసి ఒక ఆక్సీమీటర్ కొన్నాను, వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూపించే క్లిప్పు. ఏ కంపెనీదో పెట్టె మీద సరిగ్గా చదవడానికి కూడా లేదు. అది ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ నాకు మతి పోయింది. నాన్న దగ్గితే వేలికి పెట్టేవాణ్ణి, దగ్గకపోతే ఎందుకు దగ్గట్లేదని పెట్టేవాణ్ణి. 96 ఉంటే పావుగంటలో 95 అవుతుందేమోనని మళ్ళీ పెట్టేవాణ్ణి. ఆయన నిద్రపోతుంటే దుప్పటి కిందనుంచి చెయ్యి లాగి మరీ చూసేవాణ్ణి. "ఒరేయ్, ఆ వైరస్ సంగతేమో గానీ నువ్వు నన్ను నిద్ర లేకుండా చంపేసేలా ఉన్నావురా" అనేవాడు.

ఐదో రోజు రాత్రి రెండు గంటలప్పుడు నాన్నకి చలి, వణుకు, దాంతోపాటు జ్వరం. తడిగుడ్డ నుదుటి మీద వేసి, అలవాటుగా వేలికి క్లిప్పు తగిలించాను. ఎర్రలైటు వెలిగింది. అంకె కాసేపు ఎగిరి 88 దగ్గర ఆగింది. తీసి మళ్ళీ పెట్టాను, 87. కాళ్ళ కింద నేల కదిలింది. బెడ్ కోసం తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు కొట్టాను. ఇద్దరు ఎత్తలేదు. ఎత్తినవాడు "ధైర్యంగా ఉండు" అన్నాడు. అమ్మ మెట్ల మీద కూర్చుని ఏడ్చి ఏడ్చి, ఉన్నట్టుండి లేచి, నాన్న ఆధార్ కార్డు, రెండు లుంగీలు, చెంబు సంచిలో సర్దడం మొదలుపెట్టింది. ఆ సంచి చూశాక నాకు ఇంకా భయం వేసింది.

అప్పుడు గుర్తొచ్చింది గుంటూరులో ఉండే మా పిన్ని. స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది. ఆ వేళప్పుడు కూడా రెండో రింగుకే ఎత్తింది. నేను 88 అని అరుస్తుంటే వినిపించుకోకుండా, "ముందు స్పీకర్ ఆన్ చేసి మీ నాన్నకివ్వు" అంది. "బావగారూ, రాత్రి ఏం తిన్నారు?" అని అడిగింది. మా నాన్న అందుకున్నాడు. "ఏం తింటానమ్మా, మీ అక్క పోసిన చారు తాగీ తాగీ నాలుక చచ్చిపోయింది, కాస్త ఆవకాయ వెయ్యవే అంటే వినదు."

"విన్నావా? అంత మాటా ఆయాసం లేకుండా ఒక్క ఊపిరిలో అన్నాడు" అంది పిన్ని. పెదాలు నీలంగా ఉన్నాయా, మనిషి మత్తుగా ఉన్నాడా అని అడిగింది. లేదన్నాను. "చేతులు పట్టుకుని చూడు." ఐసుముక్కల్లా ఉన్నాయి. "చలికి వేళ్ళు బిగుసుకుంటే ఆ మిషన్‌కి రక్తం సరిగ్గా అందదురా. చేతులు రుద్ది దుప్పట్లో పెట్టు. వెచ్చబడ్డాక వేలు కదలనివ్వకుండా నిమిషం ఆగి, అంకె నిలబడ్డాక చదువు."

96.

నమ్మబుద్ధి కాక, తడిగుడ్డ పిండిన నా చేతికే పెట్టుకుని చూశాను. 91. అంటే ఆ లెక్కన నేనూ ఆసుపత్రికి పోవాల్సినవాణ్ణే.

తెల్లారాక పిన్ని ఒక పద్ధతి పెట్టింది. పొద్దున 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, రాత్రి 10. ఒకసారి మాత్రం గదిలోనే ఆరు నిమిషాలు నడిపించాక కూడా చూడాలి. షాపు లెక్కల పుస్తకంలో రాసి ఫొటో తనకి పంపాలి. వెచ్చటి చేతికి కూడా 94 కంటే తగ్గినా, ఆయాసం వచ్చినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మిగతా టైములో మిషన్ బీరువాలో, తాళం అమ్మ కొంగుకి. మొదటి రోజు అమ్మని రెండుసార్లు బతిమాలాను, ఇవ్వలేదు. మూడో రోజుకి నేను అన్నం తిన్నాను. అసలు అప్పటిదాకా ఏం తిన్నానో నాకు గుర్తులేదు.

కాబట్టి నా జవాబు ఇది: భయాన్ని పోగొట్టుకోవాలని చూడకండి, దానికో వేళ పెట్టండి, చూసిన అంకెని మీకంటే తెలిసినవాళ్ళ చేతిలో పెట్టండి. ప్రాణాయామం కంటే ఇదే బాగా పనిచేస్తుందని రాసిస్తాను.

ఇంకోటి ఎవరూ చెప్పరు. నా భయంలో సగం జబ్బు గురించి కాదు. అరవై దాటినవాళ్ళకి మార్చి 1 నుంచే టీకా ఇస్తున్నారు. నాన్న వెళ్తానంటే "ఆగు నాన్నా, రక్తం గడ్డలు కడుతున్నాయట" అన్నది నేనే. ఎక్కడిదా వార్త? పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోది. ఆ రాత్రి 88 చూసినప్పుడు నాకు కనిపించింది అంకె కాదు, ఆ మాట. పదో రోజున ఆయన మంచం పక్కన మాస్కు పెట్టుకుని కూర్చుని ఆ సంగతే చెప్పాను. "సరేలే, ఆ రోజు నాకూ సూదంటే భయమేసిందిలే" అన్నాడు. ఆ తర్వాతే నాకు నిద్ర పట్టింది.

ఆ గ్రూపు గురించి ఎంత చెప్పినా తక్కువే. పొద్దున్నే ఓ ఫొటో, కింద ముప్పై "ఓం శాంతి"లు, ఆ వెంటనే మిరియాల కషాయం, ఆ వెంటనే ఎవరి పుట్టినరోజో. బయటికొచ్చేస్తే పొగరన్నారు, ఇప్పటికీ అంటున్నారు. టీవీలైతే మరీ ఘోరం. ఎర్ర అక్షరాల్లో క్రికెట్ స్కోరు వేసినట్టు చావులు వేసేవాళ్ళు, వెనకాల సస్పెన్స్ మ్యూజిక్ ఒకటి. అదే నెలలో మా బావ కరోనాకని కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే నాటుమందు కోసం కారు మాట్లాడేశాడు. ఆ జనాన్ని టీవీలో చూశాక, అక్కడ క్యూలో నిలబడితే మందు దొరుకుతుందో లేదో గానీ జబ్బు గ్యారంటీ అని చెప్పి ఆపాం. చివరికి కంటి చుక్కలు తప్ప మిగతా వాటికి ప్రభుత్వం అనుమతి ఇచ్చేసరికి, "చూశావా!" అని నన్నే తిట్టాడు.

నాన్న కోలుకున్నాక అంతా అయిపోయిందనుకున్నాను. కాలేదు. జులైలో అంబులెన్స్ కూత వినిపిస్తే షాపులో కూర్చున్నచోటే గుండె దడదడ కొట్టుకునేది, చెమటలు పట్టేవి. ఈసీజీ తీశారు, బాగానే ఉంది. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళమంటే మొహం తిప్పుకున్నాను. "గుండె డాక్టరు దగ్గరికైతే పరిగెత్తావు కదా" అంది మా ఆవిడ. వెళ్ళాను. నాలుగు నెలలు మందులు వాడాను, పిచ్చేమీ పట్టలేదు. ఇప్పుడైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే డబ్బులు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. మాకు ఆ రాత్రి ఆ నంబరు లేదు, 2022లో వచ్చింది. మాకు పిన్ని ఉంది.

పిన్ని నంబరు మాత్రం అడక్కండి. ఇప్పటికే మా బావ రోజూ పొద్దున్నే ఆవిడకి షుగర్ రీడింగులు ఫొటో తీసి పంపుతున్నాడు.