తిరుపతిలో ప్రకృతి దృశ్యాల ప్రదర్శన: హాలు తర్వాత, ముందు ఫ్రేములు చూసుకోండి

నవంబరులో ప్రదర్శన పెడతామనీ, కాన్వాసులు కొన్ని, కాగితం మీద వేసినవి అంతకన్నా ఎక్కువ ఉన్నాయనీ, తిరుపతిలో ఏ హాలు బాగుంటుందనీ అడిగారు. గోడల్లో చెమ్మ లేని హాలు ఏదైనా ఫరవాలేదు. మేకులు కొట్టనివ్వకపోతే 8×4 అడుగుల ప్లైవుడ్ షీట్లు నిలబెట్టి, లేత బూడిదరంగు కాటన్ గుడ్డ చుట్టించండి. టెంట్‌హౌస్ వాళ్ళ మెరిసే శాటిన్ మాత్రం వద్దు, బొమ్మ కంటే అదే ముందు కనబడుతుంది.

అసలు కంగారు పడాల్సింది నవంబరు గురించి. ఈశాన్య రుతుపవనాల వానలు మనకు అప్పుడే. మన ఊళ్ళో ఫ్రేములు కట్టేవాళ్ళలో ఎక్కువమంది చెయ్యి వెంకటేశ్వరస్వామి పటాలకు అలవాటు పడింది. అట్టకు ఫెవికాల్ పూసి బొమ్మ మొత్తం అంటించేస్తారు, మీద నేరుగా అద్దం, వెనక హార్డ్‌బోర్డు, చుట్టూ బ్రౌన్ టేపు. అచ్చుపటానికి అది చాలు. నీటిరంగుల బొమ్మకు అదే ఉరితాడు.

వానపడ్డ సాయంత్రం హాలు తలుపులు తెరిచి ఉంటాయి, జనం తడి గొడుగులతో వస్తారు. కాటన్ కాగితం గాలిలోని తేమ పీల్చి సాగుతుంది. అంచులదాకా ఇలా అంటించి ఉంటే సాగిన కాగితానికి పోయేందుకు చోటుండదు, మధ్యలో ఉబ్బి అద్దాన్ని తాకుతుంది. మర్నాడు ఏసీ వేయగానే బిగుసుకుంటుంది గానీ అలలు అలాగే మిగులుతాయి. అద్దాన్ని తాకిన చోట తేమ నిలిచి బూజు పడుతుంది, రంగులో బంక ఎక్కువుంటే అద్దానికి అతుక్కుంటుంది కూడా. ఊడదీస్తే ఆకాశంలో ముక్క అద్దంతో పాటు వచ్చేస్తుంది. ఇది కాక హార్డ్‌బోర్డు చేసే హాని వేరే. అందులోని ఆమ్లం కొన్నేళ్ళకు కాగితాన్ని గోధుమరంగుకు తిప్పుతుంది.

కాబట్టి యాసిడ్ ఫ్రీ మౌంట్ బోర్డు, అంటే బొమ్మ చుట్టూ అంచులా వచ్చే ఆమ్లం లేని అట్ట, అడిగి తెప్పించండి. కిటికీలా కోసిన బోర్డు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉంటే బొమ్మకూ అద్దానికీ మధ్య గాలి ఆడుతుంది. బొమ్మ చుట్టూ బోర్డు పైనా పక్కలా రెండున్నర అంగుళాలు, కింద మూడంగుళాలు కనబడేలా వదలండి. బొమ్మను పై అంచున మాత్రమే, రెండు చోట్ల, జపనీస్ టిష్యూ (పల్చగా ఉన్నా గట్టిగా ఉండే కాగితం) ముక్కలతో వేలాడదీయాలి. జిగురు గోధుమ స్టార్చ్‌తో, అంటే గోధుమపిండి నుంచి విడిగా తీసిన గంజిపొడితో, కాచింది కావాలి. మైదా జిగురుకు పురుగు పడుతుంది, సెలోటేపు పసుపు మరక వదులుతుంది. ఇదంతా కుదరకపోతే నాలుగు మూలలా కాగితపు కార్నర్లు మడిచి బోర్డుకు అంటించి, బొమ్మ మూలల్ని వాటిలో వదులుగా దూర్చండి. బొమ్మకు జిగురే తగలదు.

బొమ్మ ముందు అద్దమా, యాక్రిలిక్ (పారదర్శక ప్లాస్టిక్) షీటా? ఒకే మందంలో యాక్రిలిక్ బరువు అద్దంలో సగానికి కాస్త తక్కువే, ప్లైవుడ్ షీట్ల మీద వేలాడదీయడానికి తేలిక. కానీ పాస్టెల్, బొగ్గు బొమ్మలకు వాడకండి. స్టాటిక్ విద్యుత్తు వల్ల రంగుపొడిని లాక్కుంటుంది.

కాన్వాసులతో ఇంత బాధ లేదు. వదులైతే వెనక మూలల్లో దూర్చి ఉండే చిన్న చెక్క చీలికల్ని (కీలు అంటారు) చిన్న సుత్తితో నెమ్మదిగా తట్టండి. వెనక నీళ్ళు చల్లి బిగించమని చెప్పేవాళ్ళ మాట వినకండి. యాక్రిలిక్ రంగులు వేసిన కాన్వాసును చిత్తూరు నుంచి కారు డిక్కీలో తెస్తుంటే బబుల్ ర్యాప్ నేరుగా చుట్టొద్దు. వేడికి ఆ రంగు పొర మెత్తబడి, బుడగల గుండ్రాలు ఆకాశం నిండా అచ్చు పడతాయి. మధ్యలో సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పేపరు వేయండి.

లైట్లు కూడా కాగితానికీ కాన్వాసుకూ ఒకటి కావు. కాగితానికి 50 లక్స్ (వెలుగు కొలత), ఆయిల్ బొమ్మకు 200 లక్స్ అన్నది మ్యూజియంల లెక్క. నాలుగు రోజుల ప్రదర్శనకు అంత కచ్చితం అక్కర్లేదు గానీ, రెండింటినీ ఒకే గోడ మీద కలపకుండా కాగితాల వైపు వెలుగు తగ్గించండి. పెళ్ళి హాళ్ళ పసుపు బల్బుల కింద శేషాచలం ఎర్రరాయి, సాయంత్రపు నారింజ ఒకటే ముద్దగా కనిపిస్తాయి. 4000 కెల్విన్ (పసుపు తగ్గిన తెల్లటి వెలుగు), సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే కొలత) 90 దాటిన ఎల్ఈడీలు అద్దెకు అడగండి. సంధ్యాకాశానికి అలిజరిన్ క్రిమ్సన్ వాడి ఉంటే ట్యూబు మీద చూడండి, పీఆర్ 83 అనే రంగు కోడ్ ఉంటే అది వెలుగుకు వెలిసిపోయే రంగు.

ముఖ్య అతిథి వెలిగించే దీపపు కుందెను బొమ్మలకు దూరంగా, తలుపు దగ్గర పెట్టించండి. ఫ్లెక్సీకి పెట్టే డబ్బులో సగం మౌంట్ బోర్డుకు పెడితే మీకే మంచిది. ఇక్కడ నీటిరంగులు అమ్ముడుపోకపోవడానికి చాలావరకు ఫ్రేమే కారణమని నా గట్టి నమ్మకం. కాగితం కదా, ఎన్నాళ్ళుంటుంది అని బేరమాడేవాళ్ళకు రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు పేరు చెప్పండి. ఆయన 1925లోనే పోయారు, ఆయన నీటిరంగుల్ని రాజమండ్రి గ్యాలరీలో ఇప్పటికీ చూడొచ్చు. కాగితం బొమ్మకు కాన్వాసులో సగం ధర పెట్టకండి, ఫ్రేము ఖరీదు విడిగా చూపండి. బొమ్మ పక్కన పెట్టే కార్డు మీద ‘పేపర్ పెయింటింగ్’ అని కాకుండా ‘నీటిరంగులు, 300 జీఎస్ఎం కాటన్ కాగితం, 38 × 56 సెం.మీ.’ అని రాయండి (జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే కొలత). ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. కొలత బొమ్మది, ఫ్రేముది కాదు.