కీమో తర్వాత జ్వరమా? మాత్ర వేసి చూద్దాం అనుకోవద్దు

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు, షుగర్ ఉంది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. 21 రోజులకోసారి విశాఖ వెళ్లి కీమో ఎక్కించుకుంటున్నాం, ఇప్పటికి రెండు అయ్యాయి. ఎర్ర రంగు మందు ఒకటి ఇస్తున్నారు. జుట్టంతా రాలిపోయింది, మళ్లీ వస్తుందా? నోరు పూసి ఏమీ తినలేకపోతోంది. బలానికి తిప్పతీగ రసం ఇస్తున్నాం, మంచిదేనా? రెండో కీమో అయిన పదో రోజు 101 జ్వరం వచ్చింది. ఆదివారం కావడంతో మెడికల్ షాపులో అడిగి పారాసెటమాల్, యాంటీబయాటిక్ వేశాం. రెండు రోజుల్లో తగ్గింది. మూడో కీమో 12న ఉంది. 20న మా అన్నయ్య గృహప్రవేశం. కీమోను 20 తర్వాతకు మార్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, పార్వతీపురం

జవాబు: అమ్మా, జుట్టు సంగతి, ముహూర్తం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ జ్వరం గురించి మాట్లాడాలి. రెండు రోజుల్లో తగ్గింది, మీ అదృష్టం. మా దగ్గరికి ఇలాగే మాత్రలు వేసుకుని, మూడో రోజు బీపీ పడిపోయి, స్పృహ సరిగా లేకుండా వచ్చేవాళ్లు ఉంటారు.

ఎర్ర మందు, 21 రోజుల లెక్క చూస్తే డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తున్నట్టున్నారు. నేను రిపోర్టులు చూడలేదు కాబట్టి ఇది ఊహే. ఈ మందులు ఎక్కాక సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఇన్ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ మామూలుగా 1500కు పైగా ఉండాలి. ఆ వారంలో కొందరికి 500 కంటే దిగువకు వెళ్తాయి. మీ అమ్మగారికి జ్వరం వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. పైగా షుగర్ ఉంది, నోరు పూసి ఉంది. నోట్లో చర్మం చిట్లితే అక్కడి బ్యాక్టీరియా నేరుగా రక్తంలోకి పోతుంది. బహుశా ఆ జ్వరం అలాగే వచ్చి ఉండొచ్చు. ఆ రోజు సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించి ఉంటే కౌంట్ ఎంత పడిందో తెలిసేది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. చీము పట్టాలన్నా, గొంతు ఎర్రబడాలన్నా, ఎక్స్‌రేలో నిమ్ము కనిపించాలన్నా తెల్లకణాలు ఉండాలి. అవే లేనప్పుడు ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదురుతున్నా పైకి ఏమీ తెలియదు. దగ్గు లేదు, జలుబు లేదు, ఊరికే కొంచెం వెచ్చబడింది అంటారు. ఆ వెచ్చదనం ఒక్కటే మనకు దొరికే ఆనవాలు. పారాసెటమాల్ వేస్తే అదీ పోతుంది. జ్వరం దిగిందని మీరు నిశ్చింతగా పడుకుంటారు, లోపల జరిగేది జరుగుతూనే ఉంటుంది. ఇక షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ సంగతి. ఇలాంటి జ్వరాన్ని మొదట సాధారణంగా నరంలోకి ఇచ్చే మందులతో అదుపు చేస్తాం. అరకొర మాత్రలు వేసుకుని వస్తే బ్లడ్ కల్చర్‌లో (రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) కూడా ఏమీ పెరగకపోవచ్చు, ఏ క్రిమితో పోరాడుతున్నామో మాకు తెలియకుండా పోతుంది. షాపులో కుర్రాడిని తప్పుపట్టను. మీరు అతనికి కీమో సంగతి చెప్పారా?

ఇకపై ఇలా చేయండి. ఇంట్లో ఒక డిజిటల్ థర్మామీటర్ పెట్టుకోండి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తే చాలదు. 100.4 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఏ మాత్రా వేయకుండా వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి. జ్వరం లేకపోయినా వణుకు పుట్టినా, ఆయాసం వచ్చినా, మనిషి మగతగా ఉన్నా, మూత్రం బాగా తగ్గినా ఇంతే. యాంటీబయాటిక్ మొదటి డోసు గంటలోపు పడాలని మేం ఆరాటపడతాం. ఈ పరిస్థితిలో పార్వతీపురం నుంచి విశాఖకు కారు మాట్లాడుకుని బయల్దేరొద్దు. ముందు మీ ఊళ్లోనే పెద్ద ఆస్పత్రికి వెళ్లి సీబీపీ, కల్చర్ తీయించి, మొదటి డోసు వేయించండి. అక్కడి నుంచి మీ క్యాన్సర్ డాక్టర్‌కు ఫోన్ చేయించండి. ఆదివారమైనా, అర్ధరాత్రయినా క్యాజువాలిటీ తెరిచే ఉంటుంది. కౌంటర్ దగ్గర “జ్వరం అండీ” అంటే లైన్లో నిలబెడతారు. “కీమో అయి పదో రోజు, జ్వరం 101” అనండి. కీమో ఫైలు మొదటి పేజీ మీద మందుల పేర్లు, చివరి కీమో తేదీ, వార్డు ఫోన్ నంబర్ పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. రాత్రిపూట డ్యూటీలో ఉండే డాక్టర్ మీ ఫైలంతా తిరగేయలేడు.

ఈ జ్వరం గురించి మీ డాక్టర్‌కు చెప్పినట్టు మీరు రాయలేదు. 12వ తేదీ దాకా ఆగకుండా ఇప్పుడే చెప్పండి. జ్వరం వచ్చిందని తెలిస్తే తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ ఇవ్వాలా, డోసు మార్చాలా అని ఆలోచిస్తారు. ఆ ఇంజెక్షన్ కీమో అయ్యాక కనీసం 24 గంటలు ఆగి వేస్తారు. ఇప్పటికే రాసిచ్చి ఉంటే, నడుం, తుంటి ఎముకలు లాగుతున్నాయని మానేశారేమో చూడండి. ఆ నొప్పి రెండు మూడు రోజుల్లో పోతుంది. దానికీ సొంతంగా డైక్లోఫెనాక్ లాంటివి వేయకండి.

తిప్పతీగ రసం ఆపేయండి. 2021లో ముంబయి డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదు చేశారు, ఆయుష్ శాఖ దాన్ని ఖండించింది. ఆ వాదన వాళ్లు తేల్చుకుంటారు. నా లెక్క వేరు. డాక్సోరుబిసిన్‌ను ఒంట్లోంచి పంపించేది ప్రధానంగా కాలేయమే. రేపు లివర్ టెస్టు తేడాగా వస్తే అది కీమో వల్లా, రసం వల్లా అని తేల్చుకోలేక కీమో ఆపాల్సి వస్తుంది. బొప్పాయి ఆకు రసం, వాట్సాప్‌లో వచ్చే కషాయాలు అన్నిటికీ ఇదే మాట. ఇచ్చేవాళ్ల ప్రేమను కాదనను. ఏది ఇచ్చినా డాక్టర్‌కు తెలిసి ఇవ్వండి.

నోటికి: గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించమనండి. మంట పుట్టించే మౌత్‌వాష్‌లు వద్దు. చిన్నపిల్లల మెత్తటి బ్రష్ వాడొచ్చు. కారం, ఆవకాయ కొన్నాళ్లు పక్కన పెట్టి, మెత్తగా పిసికిన పెరుగన్నం, చల్లార్చిన రాగి జావ, బాగా ఉడికించిన గుడ్డు పెట్టండి. పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, చేప మాన్పించకండి. ఇప్పుడే మాంసకృత్తులు ఎక్కువ కావాలి. నాలుక మీద తెల్లని పొర ఉంటే ఫంగస్ కావచ్చు, చూపించాలి. నీళ్లు కూడా మింగలేకపోతే ఆరోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్ వల్ల కీమో చుట్టూ రెండు మూడు రోజులు షుగర్ పెరుగుతుంది. ఇంట్లో చెక్ చేసి రాసి పెట్టండి, మందుల డోసు మాత్రం మీరు మార్చకండి. ఎర్ర మందు తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తే కంగారు వద్దు. ఆ తర్వాత కూడా వస్తుంటే, మంటగా ఉంటే చెప్పాలి.

జుట్టు చాలామందికి మళ్లీ వస్తుంది. కీమో అంతా అయిపోయిన కొన్ని నెలలకు మొలుస్తుంది, మొదట్లో కాస్త ఉంగరాలు తిరిగినా ఆశ్చర్యపోకండి.

ఇక 12వ తేదీ. బ్లడ్ రిపోర్టులు బాగాలేక డాక్టర్ వాయిదా వేస్తే అది వైద్యం. ఫంక్షన్ కోసం మనంతట మనం జరిపితే, మిగిలి ఉండే క్యాన్సర్ కణాలకు గడువు ఇచ్చినట్టు. ఒకటి రెండు రోజుల సర్దుబాటు అడిగి చూడొచ్చు, ఎనిమిది తొమ్మిది రోజులు నేనైతే ఒప్పుకోను. తుది మాట మీ డాక్టర్‌ది. 12నే కీమో అయితే 20 అంటే తొమ్మిదో రోజు, మళ్లీ కౌంట్ పడిపోయే రోజులే. వీలైతే మీ అన్నయ్యనే ఇంకో ముహూర్తం చూడమనండి. కుదరకపోతే, ఆ ఉదయం జ్వరం లేదని చూసుకుని, డాక్టర్ సరేనంటే, మాస్క్ పెట్టుకుని పాలు పొంగించే వేళకు వచ్చి గాలి ఆడే చోట కాసేపు కూర్చుని వెళ్లిపోవచ్చు. హోమం పొగ దగ్గరకు వద్దు. జలుబు, దగ్గు ఉన్న చుట్టాలు ఆమెను పలకరించేది ఫోన్లోనే. భోజనం మాత్రం ఇంట్లో వేడిగా వండినదే పెట్టండి, బంతి భోజనం వద్దు.