మిద్దె మీద నీళ్ల సాగు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: డాబా మీద పీవీసీ పైపులతో హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా, ఎరువు కలిపిన నీళ్లలో సాగు) పెట్టుకున్నాం. చలికాలమంతా పాలకూర బ్రహ్మాండంగా వచ్చింది. ఏప్రిల్ నుంచి కొత్త ఆకులు పసుపుగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. వేర్లు గోధుమరంగుకు తిరిగి జిగురు పట్టాయి. వాడేది బోరు నీళ్లే. మీటరులో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 950 ఉంది కాబట్టి ఎరువు సరిపోయినట్టే కదా? (పాఠకురాలు, విజయవాడ)

జవాబు: అమ్మా, ముందు మీ బోరు నీళ్లు ఉత్తవే గ్లాసులో పట్టి మీటరు ముంచి చూడండి. 600 వచ్చిందనుకోండి, ఆ 950లో మీరు మొక్కకు పెట్టిన తిండి 350 మాత్రమే. మిగతాదంతా బోరు తెచ్చిన ఉప్పూ సున్నమూ. పైగా ఎండల్లో మొక్క ఎరువుకంటే నీళ్లే ఎక్కువ తాగుతుంది. తగ్గినప్పుడల్లా బోరు నీళ్లే పోస్తుంటే ఆ ఉప్పు పేరుకుపోతూ ఉంటుంది. వాన నీళ్లో, ఆర్వో నీళ్లో సగం కలపండి.

ఆకు పసుపు ఇనుము అందని లక్షణం. ఎరువులో ఇనుము ఉన్నా, బోరు నీళ్లలోని బైకార్బనేట్లు అనే లవణాలు నీటి ఆమ్ల-క్షార కొలత అయిన పీహెచ్‌ను 7 దాటిస్తే మొక్క తీసుకోలేదు. 5.5 నుంచి 6.5 మధ్య ఉంచాలి. చాలామంది నిమ్మకాయ పిండుతారు. అందులోని సిట్రిక్ ఆమ్లాన్ని నీళ్లలోని సూక్ష్మజీవులు తినేస్తాయి, పీహెచ్ మళ్లీ మొదటికొస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన 'పీహెచ్ డౌన్' కొనుక్కోండి. గ్లవుజులు వేసుకుని, చుక్కలు చుక్కలుగా కలపండి.

వేర్ల సంగతి వేరు. మధ్యాహ్నం రెండింటికి పైపులో వేలు పెట్టి చూడండి, నీళ్లు వేడిగా తగులుతాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 దగ్గర ఏడున్నరే. ఊపిరాడని వేరుకు పిథియం అనే తెగులు పట్టుకుంటుంది, ఆ జిగురు దాని పనే అయ్యుంటుంది. ఆ మొక్కలు తీసేసి, నీళ్లు పారబోసి, పైపులు బ్లీచింగుతో కడిగి ఆరబెట్టండి. ఎరువు నీళ్ల డ్రమ్ము నీడకు జరపండి, పైపులకు తెల్ల రంగు వేయించండి.

నన్నడిగితే బెజవాడ మే నెల ఎండల్లో పైపుల్లో పాలకూర పట్టుదల వద్దు. బచ్చలి, తోటకూర వేయండి, అదీ పంపు లేకుండా. హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ క్రాట్కీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. చేపల దుకాణంలో దొరికే థర్మోకోల్ పెట్టె కడిగి, లోపల నల్ల పాలిథిన్ పరిచి, నీళ్లూ ఎరువూ పోసి, మూతకు రంధ్రాలు చేసి మొక్కను నిలిపే జల్లెడలాంటి నెట్ కప్పులు దించండి. మొదట్లో కప్పు అడుగు నీటిని తాకితే చాలు. నీరు తగ్గేకొద్దీ పైవేర్లు గాలి పీల్చుకుంటాయి. కంగారుపడి మళ్లీ మూతదాకా నింపారో, ఆ గాలివేర్లు మునిగి మొక్క వాడిపోతుంది. కరెంటు పోయినా టెన్షన్ లేదు. ఒక్కటే జాగ్రత్త, దోమ దూరే సందు ఎక్కడా ఉంచకండి.

ప్రశ్న: హైడ్రోపోనిక్స్ కోసం అమ్మే ప్రత్యేక ఎరువు ఖరీదుగా ఉంది. నీళ్లలో డీఏపీ కలపొచ్చా? (పాఠకుడు, కరీంనగర్)

జవాబు: వద్దు బాబూ. డీఏపీలో నత్రజని అంతా అమ్మోనియం రూపంలోనే ఉంటుంది. నేలలో సూక్ష్మజీవులు దాన్ని నైట్రేటుగా మారుస్తాయి, ఉత్త నీళ్లలో ఆ పని సరిగా సాగక వేరు దెబ్బతింటుంది. ఖర్చు తగ్గాలంటే కాల్షియం నైట్రేటు, నత్రజని, భాస్వరం, పొటాష్ ఉండి నీళ్లలో కరిగే ఎన్‌పీకే, మెగ్నీషియం సల్ఫేటు, సూక్ష్మపోషకాల మిశ్రమం విడివిడిగా కొనండి. కాల్షియం నైట్రేటును మాత్రం వేరే సీసాలో కరిగించుకోండి. చిక్కగా ఉన్నప్పుడు మిగతావాటితో కలిపితే తెల్లటి మడ్డి అడుగున దిగిపోతుంది, అది మొక్కకు దక్కదు.