గర్భిణికి షుగర్: ఇన్సులిన్ బిడ్డను చేరదు, చక్కెరే చేరుతుంది

ప్రశ్న: మా అమ్మాయికి ఆరో నెల. టిఫిన్ తిని ఆసుపత్రికి వెళితే గ్లూకోజు నీళ్లు తాగించి, రెండు గంటలకు రక్తం తీశారు. షుగర్ 162 ఉంది. తిని వెళ్లినందువల్ల పెరిగిందేమో? రెండు వారాలుగా అన్నం మాన్పించి రాగి సంగటే పెడుతున్నాను. అయినా తిన్నాక 140కి దిగడం లేదు. ఇన్సులిన్ వేయాలంటున్నారు. కడుపులో బిడ్డకు చేటు కాదా?
– ఒక తల్లి, కావలి

జవాబు: రిపోర్టు సరైనదేనమ్మా. ఈ పరీక్షకు పరగడుపు అక్కర్లేదు. 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలకు చూస్తారు. 140 గానీ ఆపైన గానీ ఉంటే గర్భిణి షుగర్ ఉన్నట్టే. తాగిన అరగంటలోపు వాంతయితే మాత్రం మర్నాడు మళ్లీ చేయించాలి.

చిక్కు సంగటి దగ్గరుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో షుగర్ అనగానే అన్నం మాని సంగటికి మారతారు. రాగుల్లో పీచు, కాల్షియం ఉన్నమాట నిజమే. కానీ రాగీ పిండిపదార్థమే, పైగా సంగటిలో బియ్యమూ పడుతుంది. పెద్ద ముద్ద తింటే షుగర్ పెరగక మానదు. జావ అయితే ఇంకా త్వరగా పెంచుతుంది. ముద్ద సగం చేయండి. అన్నమైనా పెట్టొచ్చు, పూటకు ఒక కప్పు, అంటే ఉడికింది 150 గ్రాములు. మిగతా ఆకలి ఆకుకూర పప్పు, కూరలు, గుడ్డు, చేప ముక్కలతో తీరాలి. పులుసు రుచిగా ఉందని మారు అన్నం వడ్డించుకుంటే లెక్క తప్పుతుంది. మధ్యలో అలసంద గుగ్గిళ్లు గుప్పెడు, మజ్జిగ ఇవ్వండి. పస్తు మాత్రం పెట్టొద్దు.

పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలి. రెండు వారాల పథ్యంతో అంతకు దిగకపోతే మందు తప్పదు. తిండి సరిచేసి చూద్దామని ఇన్సులిన్ వాయిదా వేయకండి. రెండూ కలిపే నడపండి, అవసరాన్ని బట్టి డాక్టరే మోతాదు తగ్గిస్తారు.

బిడ్డ గురించి మీ భయం తిరగబడి ఉంది. మాయలో పుట్టే హార్మోన్లు తల్లి ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు, అందుకే ఈ షుగర్. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు పోతుంది, సూదితో వేసే ఇన్సులిన్ పోదు. ఆ చక్కెరకు బిడ్డే తన ఇన్సులిన్ ఎక్కువగా తయారు చేసుకుని ఒళ్లు చేస్తుంది. కాన్పులో తల వచ్చాక భుజాలు ఇరుక్కునే ప్రమాదం అందుకే. తల్లికేమో బీపీ, ఉమ్మనీరు పెరగొచ్చు.

సూది వేశాక తిండి ఆలస్యమైతే షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. వెంటనే మూడు టీస్పూన్ల గ్లూకోజు గ్లాసు నీళ్లలో కలిపి తాగించి, తర్వాత తిండి పెట్టండి.

బొడ్డుతాడు కోయగానే బిడ్డకు తల్లి చక్కెర ఆగిపోతుంది, దాని ఇన్సులిన్ మాత్రం మిగిలే ఉంటుంది. దాంతో షుగర్ పడిపోతుంది. గంటలోపు ముర్రుపాలు పట్టాలి. తేనె, పంచదార నీళ్లు వద్దే వద్దు. మడమ నుంచి చుక్క రక్తం తీసి చూస్తారు, 45 కంటే తక్కువుంటే చికిత్స కావాలి. బిడ్డ పాలు తాగకుండా మత్తుగా ఉన్నా, వణికినా నర్సును పిలవండి.

కాన్పయ్యాక ఈ షుగర్ సాధారణంగా తగ్గిపోతుంది. అయినా ఆరు వారాలకు తల్లికి 75 గ్రాముల పరీక్ష మళ్లీ చేయాలి, ఈసారి పరగడుపున. బిడ్డకు ఆరు వారాల టీకా వేయించే రోజే ఆ పనీ అయిపోతుంది, కాబట్టి ఆ పొద్దు అమ్మాయిని ఏమీ తినకుండా తీసుకెళ్లండి.